చిన్న రీఫ్ ట్యాంకు పెట్టుకోవడం, పాచిని దాని చోట ఉంచడం

రీఫ్ ట్యాంకు, అంటే ఉప్పునీళ్లలో పగడాలు, చేపలు పెంచే గాజు తొట్టి, పెట్టి మధ్యలో మానేసినవాళ్లను చాలామందిని చూశాను. చేపలు చనిపోయి మానేసినవాళ్లు తక్కువే. మూడో నెలలో రాళ్ల మీద పచ్చటి జుట్టు మొలిచి, దాన్ని పీకి పీకి విసిగి, ట్యాంకు ఎండబెట్టి అటక ఎక్కించినవాళ్లే ఎక్కువ.

పాచి లేని సముద్రం లేదు. పగడపు దిబ్బల మీద కూడా అది రోజూ మొలుస్తూనే ఉంటుంది. మొలిచింది మొలిచినట్టే చేపలు, ఉర్చిన్లు, నత్తలు గీకి తినేస్తాయి కాబట్టి మన కంటపడదు. కొత్త ట్యాంకులో రాయి అంటే ఖాళీ స్థలం. ముందు ఎవరు పాతుకుంటే వాళ్లదే. రాతికి గట్టి పొరలా అంటుకునే ఊదారంగు కోరలైన్ పాచి, మంచి బ్యాక్టీరియా, పగడాలు ముందు పాతుకుంటే జుట్టు నాచుకు చోటు చిక్కడం కష్టం. అందుకే ట్యాంకు పెట్టే పనినీ, పాచి పనినీ వేరువేరుగా చెప్పను. రెండూ ఒకటే పని.

ఎంత ట్యాంకు

చిన్నది అన్నాం కదా అని మరీ 20 లీటర్లకు దిగకండి. 60 సెంటీమీటర్ల పొడవు, 38 వెడల్పు, 38 ఎత్తు ఉన్న ట్యాంకులో సుమారు 86 లీటర్లు పడతాయి. రాయి, ఇసుక పోను అసలు నీళ్లు 70 లీటర్ల దాకా ఉంటాయి. మొదటిసారికి ఇది సరైన కొలత. ఇంతకన్నా చిన్నదైతే ఒక నత్త చచ్చినా నీళ్లు పాడవుతాయి. చేయి రాతి వెనక్కి వెళ్లేంత వెడల్పు ఉండాలి; వెళ్లని మూలలోనే నాచు మొదలవుతుంది.

నీళ్లు నిండాక బరువు నూరు కిలోలు దాటుతుంది. బల్ల గట్టిదేనా, సమంగా ఉందా చూసుకోండి. నేరుగా ఎండపడే కిటికీ పక్కన వద్దు. వైర్లన్నీ ప్లగ్ కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా కట్టండి. అప్పుడు వైరు వెంట జారిన నీటిబొట్టు ప్లగ్‌లోకి పోకుండా కింద పడుతుంది.

నీళ్లు: ఇక్కడ పొదుపు పనికిరాదు

కుళాయి నీళ్లు వాడొద్దు. అందులో నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్ ఉండొచ్చు, ఇవన్నీ పాచికి ఎరువు. రాగి ఉంటే నత్తలు, రొయ్యలు బతకవు. ఆర్వో తర్వాత డీఐ రెసిన్ (ఆర్వో వదిలేసిన లవణాలను పట్టేసే గుళికలు) కూడా దాటి వచ్చిన నీళ్లు కావాలి. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరులో 0 చూపించాలి. తాగేనీటి ఆర్వో యంత్రం సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. చివర డీఐ లేకపోతే చాలదు, పైగా కొన్ని యంత్రాలు రుచి కోసం ఖనిజాలు తిరిగి కలుపుతాయి.

ఉప్పు రీఫ్ కోసం తయారుచేసినదే కావాలి. చాలా ఉప్పులు లీటరుకు 36 నుంచి 40 గ్రాములు పడతాయి. బకెట్లో ముందు నీళ్లు, తర్వాత ఉప్పు. తిరగేస్తే కొంత కాల్షియం అవక్షేపంగా అడుగున కూర్చుంటుంది. చిన్న పంపు పెట్టి కరగనిచ్చి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరుతో 35 పీపీటీ (వెయ్యికి 35 వంతులు) చూసుకోండి, అంటే సాంద్రత 1.026 దగ్గర. రిఫ్రాక్టోమీటరును మంచినీళ్లతో కాకుండా 35 పీపీటీ ద్రావణంతోనే సరిచేయాలి. నా మొదటి ఏడాది సగం కష్టాలు ఆ ఒక్క తప్పు వల్లే వచ్చాయి.

ట్యాంకులోంచి నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరి కాదు. 70 లీటర్లలో రోజుకో లీటరు తగ్గితే మూడు రోజుల్లో 35 కాస్తా 36.6 అవుతుంది. కాబట్టి రోజూ మంచి ఆర్వో డీఐ నీళ్లు, ఉప్పు లేకుండా, గీత దాకా పోయాలి. తేలుడు మీట ఉన్న ఆటోమేటిక్ టాప్-అప్ పెట్టుకుంటే రోజూ ఆ టెన్షన్ ఉండదు. ఖరీదైన లైటు కన్నా ముందు కొనాల్సింది ఇదే అంటాను.

రాయి, ఇసుక

రెండు దారులు. సముద్రపు జీవం ఉన్న తడి రాయి ఒకటి, పూర్తిగా ఎండిన రాయి ఇంకొకటి. ఎండు రాయిలో చీడపురుగులు రావు, కానీ అది బీడు భూమి, పాచి ముందు దిగుతుంది. నేను చేసేది మధ్యేమార్గం: ఎండు రాయి ఆరేడు కిలోలు, దానికి తోడు కోరలైన్ పట్టిన తడి రాయి కిలో. ఆ కిలో రాయి మీదున్న జీవమే మిగతా రాళ్లకు విత్తనం.

కొన్ని ఎండు రాళ్లలో పాత ఫాస్ఫేట్ దాగి ఉంటుంది. ట్యాంకులో పెట్టకముందే ఉప్పునీటి బకెట్లో వారం నానబెట్టి, ఆ నీళ్లకు ఫాస్ఫేట్ పరీక్ష చేయండి. 0.2 పీపీఎం (పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు) దాటితే నీళ్లు మార్చి మళ్లీ నానబెట్టండి. ఈ పని ఎగ్గొడితే తర్వాత ఆర్నెల్లు రాయిలోంచి ఫాస్ఫేట్ ఊరుతూనే ఉంటుంది, మనం నాచు పీకుతూనే ఉంటాం.

రాళ్లను గోడలా పేర్చొద్దు. రెండు చిన్న దిబ్బలు, మధ్యలో కాలువ, గాజుకూ రాతికీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి. ఇసుక అరాగనైట్‌ది, 2 నుంచి 4 సెంటీమీటర్ల మందం. రాయిని ఇసుక మీద కాకుండా నేరుగా అడుగు మీద నిలబెట్టి, తర్వాతే ఇసుక పోయండి.

పంపు, హీటర్, లైటు

ప్రవాహం గంటకు నీటి పరిమాణానికి 20 నుంచి 30 రెట్లు, అంటే మన 70 లీటర్లకు 1400–2100 లీటర్ల పంపు. ఒకే దిక్కున ఒకటే ధార కాకుండా గాజుకు తగిలి చెదిరేలా తిప్పండి. ఉష్ణోగ్రత 25–26 డిగ్రీలు నిలకడగా ఉండాలి. హీటరును బయటి థర్మోస్టాట్‌కు తగిలిస్తే, హీటరులో మీట అంటుకుపోయినా ట్యాంకు ఉడకదు.

ఇంత చిన్న ట్యాంకుకు ప్రొటీన్ స్కిమ్మర్ (నురుగుతో నీటిలోని మురికిని తీసే పరికరం) తప్పనిసరి కాదు. వారం వారం నీళ్లు మారిస్తే ఆ పని చాలావరకు అయిపోతుంది. లైటు నీలం వెలుగు ఎక్కువ ఉన్న ఎల్ఈడీ, టైమరుతో. కొత్తలో 30–40 శాతం వెలుగుతో రోజుకు 8 గంటలు చాలు. పెట్టిన రోజే నూరు శాతం పెట్టి ఫొటోలు తీసుకోవాలనిపిస్తుంది. తీసుకుని, మళ్లీ తగ్గించేయండి.

సైకిల్: లైటు ఆర్పే ఉంచండి

చేపల మలం, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. ఒక జాతి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో జాతి నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ బ్యాక్టీరియా రాళ్లలో స్థిరపడడాన్నే సైకిల్ అంటారు; అది అయ్యేదాకా చేపను వేయకూడదు. సీసాలో దొరికే బ్యాక్టీరియా పోసి, అమ్మోనియం క్లోరైడ్ ద్రావణంతో అమ్మోనియాను 2 పీపీఎంకు తెచ్చి ఆగండి. అది తగ్గాక మళ్లీ 2కు తెండి. 24 గంటల్లో అమ్మోనియా సున్నాకు వస్తే సైకిల్ అయినట్టే. మూడు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. నైట్రైట్ ఇంకా కనిపిస్తుంటే కంగారు అక్కర్లేదు; ఉప్పునీటిలోని క్లోరైడ్ వల్ల చేపకు దాని విషం పెద్దగా ఎక్కదు. కానీ నైట్రైట్ ఉన్నంతకాలం నైట్రేట్ పరీక్ష ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, ఆ అంకెను నమ్మకండి.

ఈ వారాలన్నీ లైటు ఆర్పే ఉంచాలి. బ్యాక్టీరియాకు వెలుతురు అక్కర్లేదు. ఎరువు నిండుగా ఉన్న నీళ్లలో లైటు వేస్తే ఆ ఖాళీ రాళ్లను పాచికి రాసిచ్చినట్టే. సైకిల్ అయ్యాక ఒకేసారి సగానికిపైగా నీళ్లు మార్చి, అప్పుడు లైటు మొదలుపెట్టండి.

మొదటి ప్రాణులు

లైటు వేసిన వారం పది రోజుల్లో ఇసుక మీద గోధుమ రంగు దుమ్ములాంటి పొర వస్తుంది. అది డయాటమ్‌లు అనే సూక్ష్మ పాచి. సిలికేట్ తిని పెరుగుతాయి, అయిపోగానే కొద్ది వారాల్లో వాటంతట అవే పోతాయి. మందు వేయొద్దు. అప్పుడే నత్తలను దింపాలి: ట్రోకస్ మూడు, సెరిత్ మూడు నాలుగు. ట్రోకస్ బోర్లా పడ్డా లేవగలదు, ఆస్ట్రియా నత్త చాలాసార్లు లేవలేక చచ్చిపోతుంది. హెర్మిట్ పీతలు చూడముచ్చటగా ఉంటాయి కానీ గుల్ల కోసం నత్తలను చంపుతాయి; నాకు వాటి మీద మోజు పోయింది. పాతిక నత్తలను ఒకేసారి వేయకండి. తిండి చాలక చచ్చి, అవే ఎరువు అవుతాయి.

చేపలు ఈ ట్యాంకుకు రెండు, మూడుకు మించొద్దు. క్లౌన్ ఫిష్ జంట, లేదా ఒక ఫైర్‌ఫిష్, ఒక గోబీ. వారాల ఎడంతో ఒక్కోటి. పాచి తింటుందని టాంగ్ జాతి చేపను తెచ్చేవాళ్లున్నారు. దానికి ఈదడానికే చోటు చాలదు, వద్దు.

పగడాలు రెండో నెల నుంచి: మష్‌రూమ్, జోయాంథిడ్, డంకన్ లాంటి ఓర్పు ఉన్నవి. ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. కొన్ని జోయాంథిడ్‌లలో, పాలిథోవాల్లో పాలిటాక్సిన్ అనే ప్రాణాంతక విషం ఉంటుంది. వాటిని కోసేటప్పుడు గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. అవి పట్టిన రాయిని ఎప్పుడూ ఉడకబెట్టకూడదు, వేడినీళ్లు పోయకూడదు. ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు.

కొత్త పగడాన్ని అతికించి అమ్మే చిన్న బిళ్లను (ప్లగ్) వదిలించుకుని, పగడాన్ని చీడలు వదిలించే ద్రావణంలో ముంచి తీసి, శుభ్రమైన రాతి ముక్కకు జిగురుతో అతికించండి. బ్రయాప్సిస్ అనే మొండి నాచు, బుడగ నాచు ట్యాంకులోకి ఎక్కువగా ఆ ప్లగ్ మీదే వస్తాయి.

సున్నా మంచి అంకె కాదు

పాచికి ఎరువు నైట్రేట్, ఫాస్ఫేట్ కాబట్టి రెండింటినీ సున్నా చేస్తే పీడ పోతుందని అనుకుంటాం. నేనూ అనుకున్నాను. ఐరన్ ఆక్సైడ్ గుళికలు, అంటే జీఎఫ్ఓ, సంచి నిండా పోసి పది రోజుల్లో ఫాస్ఫేట్‌ను కనపడకుండా చేశాను. జుట్టు నాచు తగ్గింది. దాని వెనకే డైనోఫ్లాజెలేట్లు (డైనోలు) అనే సూక్ష్మజీవులు దిగాయి, నత్తలు వరసగా చచ్చాయి, పగడాలు వెలిసిపోయాయి. దాంతో పోలిస్తే జుట్టు నాచే నయం అనిపించింది.

నైట్రేట్ 5–10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03–0.1 పీపీఎం మధ్య ఉంచండి. పగడాలకూ ఇవి కావాలి. క్షారత 8–9 డీకేహెచ్ (క్షారతను కొలిచే ప్రమాణం), కాల్షియం 400–450, మెగ్నీషియం 1250–1350 పీపీఎం. క్షారతను రోజుకు అర డీకేహెచ్‌కు మించి కదిలించకండి. తక్కువ ఫాస్ఫేట్ కొలవడానికి రంగు చార్టులు చాలవు, కంటికి తేడా తెలియదు. డిజిటల్ కలరీమీటర్ తీసుకోండి. అది భాస్వరాన్ని పీపీబీలో (వంద కోట్లలో ఒక వంతు) చూపించే రకమైతే, వచ్చిన అంకెను 3.066తో హెచ్చవేసి వెయ్యితో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎం వస్తుంది. 10 పీపీబీ అంటే దాదాపు 0.03.

రెడ్‌ఫీల్డ్ నిష్పత్తి ప్రకారం నైట్రేట్, ఫాస్ఫేట్ ఇంతకు ఇంత ఉండాలని లెక్కలు వేసేవాళ్లు తగులుతారు. సముద్ర శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ 1934లో రాసింది నడిసముద్రపు ప్లవకాల (ప్లాంక్టన్) సంగతి, గాజుపెట్టెకు మందుచీటీ కాదు.

ఇంకో మాయ ఉంది. రాళ్ల నిండా నాచు ఉన్నప్పుడు పరీక్షలో సున్నా వస్తుంది. ఎరువు లేదని కాదు, వచ్చిందంతా నాచు మింగేసి కూర్చుందని.

మొలిచినది ఏమిటి?

వైద్యానికి ముందు పేరు తెలియాలి. మన భాషలోనే మంచి విభజన ఉంది: జారుగా పొరలా పట్టేది పాచి, పోగులుగా పెరిగేది నాచు. వేళ్ల మధ్య పెట్టి లాగి చూడండి. పోగులుగా తెగితే నాచు, జిగురుగా కరిగిపోతే పాచి, లేదా దానికన్నా చెడ్డది.

*జుట్టు నాచు.* పచ్చటి మెత్తటి పోగులు. అందరికీ వచ్చేది ఇదే. పొడుగు జుట్టును నత్తలు ముట్టుకోవు, మొలకలనే తింటాయి. కాబట్టి ముందు మన చేతులతో పని. నీళ్లు మార్చే రోజున, తీసిన పాత ట్యాంకు నీళ్లనే బకెట్లో పోసి, రాయిని అందులో ముంచి టూత్‌బ్రష్‌తో రుద్దండి. రాయి కదలకపోతే ఒక చేత్తో రుద్దుతూ, రెండో చేత్తో సన్నటి పైపుతో ఊడినదాన్ని వెంటనే లాగేయండి. ట్యాంకులో వదిలేసిన తునక మళ్లీ ఎక్కడో పాతుకుంటుంది.

మొండి చోట్లకు 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పనిచేస్తుంది. రాయిని బయటికి తీసి, నాచు మీద మాత్రమే చుక్కలు వేసి, మూడు నాలుగు నిమిషాలు ఆగి, ఉప్పునీళ్లతో కడిగి పెట్టేయండి. రెండు మూడు రోజుల్లో ఆ చోటు తెల్లబడి ఊడుతుంది. పగడం మీద పడనివ్వొద్దు. రొయ్యలకు పెరాక్సైడ్ అసలు పడదు, బాగా కడగాలి.

తర్వాత లైటును 6–7 గంటలకు తగ్గించి, మేత ఎంత పడుతోందో చూడండి. గడ్డకట్టిన మేతను కరిగించి, ఆ నీళ్లు వడగట్టి పారబోసి, చేపలు రెండు నిమిషాల్లో తినేంతే వేయాలి. ఫాస్ఫేట్ 0.1 దాటి ఉంటేనే జీఎఫ్ఓ, అదీ పొట్లం మీద రాసినదాంట్లో సగం నుంచి. ఇలా వారం వారం చేస్తే రెండు నెలలు పడుతుంది. రెండో వారంలో ఏమీ మారలేదనిపిస్తుంది. ఫొటోలు తీసి పెట్టుకుంటే మారింది తెలుస్తుంది.

*ఎర్ర పాచి.* ముదురు ఎరుపు లేదా వంగపండు రంగు జిగట దుప్పటి, ఒక అంచు పట్టుకుని లాగితే పొరగా లేస్తుంది. ఇది పాచి రూపంలో ఉన్న సయనోబ్యాక్టీరియా. నీటి కదలిక లేని మూలల్లో, నైట్రేట్ అడుగంటి ఫాస్ఫేట్ మిగిలిన ట్యాంకుల్లో ఎక్కువ. సన్న గొట్టంతో పీల్చేయండి, పంపును అటు తిప్పండి, నైట్రేట్‌ను 5కు తెండి. చాలావరకు దీంతోనే పోతుంది. మూడు రోజులు పూర్తిగా చీకటి చేయడం రెండో మార్గం. యాంటీబయాటిక్ మందులున్నాయి, పనిచేస్తాయి కూడా. కానీ చచ్చిన పాచి కుళ్లేటప్పుడు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, గాలి పంపు లేకుండా వేస్తే తెల్లారేసరికి చేపలు పోతాయి. కారణం అలాగే ఉంటే నెలలో తిరిగి వస్తుంది.

*డైనోలు.* గోధుమ రంగు చీమిడి తీగల్లా వేలాడుతూ, కొసల్లో గాలి బుడగలతో ఉంటాయి. రాత్రి మాయమై మధ్యాహ్నానికి తిరిగొస్తాయి. డయాటమ్‌లతో పొరబడతారు కాబట్టి ఒక పరీక్ష: కొంచెం పీల్చి సీసాలో వేసి గట్టిగా ఊపి, కాగితపు వడపోతలో వడగట్టి, కిందికి దిగిన నీళ్లను గంటసేపు వెలుతురులో పెట్టండి. విడిపోయినది మళ్లీ తీగలుగా ముడిపడితే డైనోలే.

ఇక్కడ మామూలు వైద్యమంతా తిరగబడుతుంది. నీళ్లు మార్చడం ఆపి, జీఎఫ్ఓ తీసేసి, నైట్రేట్‌ను 10కి, ఫాస్ఫేట్‌ను 0.1కి పెంచాలి. పోటీదారులు పెరిగితేనే ఇవి తగ్గుతాయి. 400 రెట్లు చూపించే మామూలు మైక్రోస్కోప్ ఉంటే జాతి తెలుస్తుంది. ఆస్ట్రియోప్సిస్ అయితే రాత్రి నీళ్లలోకి లేస్తుంది, యూవీ దీపం దాన్ని చంపుతుంది. యాంఫిడినియం ఇసుకలోనే దాక్కుంటుంది, యూవీకి చిక్కదు. దానికి సిలికేట్ కొద్దికొద్దిగా వేసి, పోటీగా డయాటమ్‌లను పెంచుతారు. మనం మొదట తిట్టుకున్న ఆ గోధుమ దుమ్మునే పిలిచి పీట వేయడం!

*బుడగ నాచు.* మెరిసే పచ్చ గోళీలు. చిదమకుండా గోటితో అడుగు నుంచి లేపి, పైపుతో లాగేయండి. ఎమరాల్డ్ పీతలు కొన్ని దీన్ని తింటాయి, అన్నీ తినవు.

*బ్రయాప్సిస్.* పక్షి ఈక ఆకారంలో ఉంటుంది. దీన్ని నత్తలు తినవు, ఎరువు తగ్గించినా చావదు. ఇక్కడ మాత్రం నేను మందుకే ఓటు వేస్తాను: ఫ్లూకొనజోల్, లీటరుకు సుమారు 5 మిల్లీగ్రాములు, కార్బన్, జీఎఫ్ఓ తీసేసి రెండు మూడు వారాలు. అక్వేరియం కోసం ప్యాక్ చేసినది వాడితే కొలతలో పొరపాటు రాదు. చచ్చిన నాచు కుళ్లకముందే పీల్చేయాలి.

ఏ మందైనా, ఏ మార్పైనా ఒక్కోటే. లైటు తగ్గించి, జీఎఫ్ఓ వేసి, నత్తలు దింపి, మూడూ ఒకే వారం చేస్తే ఏది పనిచేసిందో, ఏది చెరిచిందో ఎప్పటికీ తెలియదు.

నాచుకు వేరే గది

స్మిత్‌సోనియన్ సంస్థలో పనిచేసిన వాల్టర్ ఏడీ ఈ సమస్యను తిరగేసి చూశాడు. నాచుతో పోరాడకుండా, దాన్ని వేరే పలక మీద కావాలని పెంచి, కోసి పారేస్తే నీళ్లలోని ఎరువంతా దాంతో పాటే పోతుందన్నాడు. 1980లలో ఆయన పెద్ద ట్యాంకులను ఇలాగే నడిపాడు. మన చిన్న ట్యాంకులో వెనక అర ఉంటే అందులో పిడికెడు చీటోమార్ఫా నాచు, చిన్న లైటు పెడితే అదే పని. ఆ లైటు రాత్రిపూట వెలగాలి. పగటి పెద్ద లైటు ఆరాక పడిపోయే పీహెచ్‌ను అది నిలబెడుతుంది. ఉండ పెరిగినప్పుడు మూడో వంతు పీకి పారేయండి. ఫాస్ఫేట్ 0.03 కన్నా దిగిపోతుంటే లైటు గంటలు తగ్గించండి.

వారం పని

ఏడెనిమిది లీటర్లు మార్చడం, అదే చేత్తో ఇసుక పై పొరను, రాతి సందులను పైపుతో ఊడ్చడం, పంపు ఎదుటి స్పాంజి ఉంటే కడగడం. క్షారత, నైట్రేట్, ఫాస్ఫేట్ పరీక్షించి తేదీతో రాసుకోవడం. మొత్తం ముప్పావుగంట. సెలవుకు వెళ్లే ముందు రోజు మాత్రం ఏమీ కొత్తగా మార్చకండి, మేత డబ్బాను పక్కింటివాళ్లకు ఇవ్వకండి. రోజుకు ఒక పొట్లం చొప్పున కట్టి ఇవ్వండి.

పరీక్ష కిట్లు ఎన్ని ఉన్నా నేను మొదట చూసేది ముందు గాజును. గీకిన తర్వాత మళ్లీ పాచి పట్టడానికి మూడు నాలుగు రోజులు పడితే అంతా సవ్యంగా ఉన్నట్టు. తెల్లారేసరికి పట్టేస్తుంటే మేత ఎక్కువైంది, లేదా ఎక్కడో ఏదో చచ్చింది, వెతకాలి. పదిరోజులైనా గాజు అద్దంలా ఉంటే సంబరపడకుండా ఫాస్ఫేట్ కొలవండి. గీకిన తేదీని ఆ పుస్తకంలోనే రాసి పెట్టుకోండి. ఆ తేదీల మధ్య ఎడం తగ్గుతూ వస్తుంటే, రాతి మీద నాచు కనిపించడానికి రెండు వారాల ముందే మీకు తెలిసిపోతుంది.